వరండాలో చోటు లేదన్నాను

ఇన్నేళ్లూ నేను మోసిన బరువుకు ఒక పేరుంది. దావీదు.

నిన్నటిదాకా మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు. పక్కనే పడుకునే మనిషికి తెలియకుండా, చచ్చిపోయిన ఒక మనిషిని పదిహేనేళ్లకు పైగా లోపల దాచుకుని తిరిగాను. తిన్నాను, నవ్వాను, పాటలు పాడాను, నలుగురికీ బుద్ధులు చెప్పాను. అన్నిటికంటే ఘోరం, మెప్పు పొందాను. మా చర్చి సంఘంలో నన్ను కనికరం గల తల్లి అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నా తల వంగేది. వినయం అనుకునేవాళ్లు. వినయం కాదది. దొరికిపోతానేమోనన్న భయం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పి చూశాను. వాళ్లు దాన్ని ఏం చేశారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీరు నన్ను ఓదార్చకండి. జాలి నిండిన మొహం చూస్తే నాకు పడదు. నాకూ అలాంటి మొహం ఉండేది, దాన్ని నేనెలా వాడుకున్నానో నాకు తెలుసు.

నేను పుట్టింది పెనుబల్లి దగ్గర. పెళ్లయ్యాక మణుగూరు వెళ్లాను. మా ఆయన బొగ్గుబాయిలో ఓవర్‌మన్, అంటే కింద పనిచేసేవాళ్ల మీద అజమాయిషీ. కంపెనీ క్వార్టరు ఇచ్చింది. రెండు గదులు, వెనక పంపు, ముందు గచ్చు చేసిన చిన్న వరండా. కాలనీలో చివరి వరుస మాది. మా ఇల్లు దాటితే టేకు చెట్లు, ఆ తర్వాత వాగు. వాగు మీద ఒక చప్టా ఉండేది. మామూలు రోజుల్లో నీళ్లు దాని కింద నుంచి పోయేవి, వాన పట్టుకుంటే పైనుంచి పోయేవి. అవతల అడవి అంచున గుడిసెలు. క్వార్టరు వంతు రానివాళ్లు అక్కడ ఉండేవాళ్లు.

దావీదు అక్కడే ఉండేవాడు. బాయిలో ఫిల్లరు. బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. భార్య రూతమ్మ. వాళ్లకు ఒక పాప, ఎస్తేరు, అప్పటికి ఇంకా మాటలు సరిగా రాలేదు.

దావీదు తాగేవాడు. దాచను. జీతం రోజున సారా కొట్టు దగ్గర ఆగితే మళ్లీ తెల్లారాకే ఇల్లు చేరేవాడు. ఒక ఆదివారం ఆరాధనకు తాగి వచ్చాడు. పాట మధ్యలో బెంచీ మీద నుంచి పడ్డాడు. పిల్లలు నవ్వారు. మరుసటి వారం సంఘ పెద్దలు అతన్ని అందరి ముందూ నిలబెట్టారు. ఇకమీదట ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, నీకు పాలు లేదన్నారు. పెద్దలలో మొదటాయన, మా ఆయనతో పాటు బాయిలో పనిచేసే ఆయనే, చాలాసేపు మాట్లాడాడు. దావీదు చేతులు కట్టుకుని విన్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు.

"నేను సస్తే గానీ మీకు నిమ్మళం కాదు."

విసిగిపోయిన మనిషి ఎవడైనా అనే మాటే అది. నేను మా ఆయనతో వారానికోసారి అంటాను. కానీ ఆ మాట అందరి చెవుల్లో ఉండిపోయింది.

ఆ తర్వాత దావీదు మానేశాడు. నిజంగా మానేశాడు. రూతమ్మ చెప్పేది, "వదినా, నెలలు దాటింది, ముట్టలేదు" అని. మేం తలూపేవాళ్లం. ఎవరమూ నమ్మలేదు. నమ్మితే అతన్ని మళ్లీ బల్లకు పిలవాలి కదా. ఎవరికి తీరిక? అతను ఆరాధనకు వచ్చి బయట చెప్పుల దగ్గర కూర్చుని వెళ్లిపోయేవాడు. చెప్పుల దగ్గర. దేవుని ఇంట్లో. మేమంతా అతన్ని దాటుకుంటూ లోపలికి వెళ్లి పాపుల కోసం ప్రార్థించేవాళ్లం.

ఆ రోజు సంగతికి వస్తాను. ఎంతసేపు చుట్టూ తిరుగుతాను?

ఎనభైల్లో ఒక వానాకాలం. మా సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. కుర్రవాడు, కోస్తా వైపు వాడు. ఆయన భార్యను మేం అమ్మగారు అనేవాళ్లం. చదువుకున్న మనిషి, ఇస్త్రీ చీర కట్టుకునేది. స్త్రీల కూటం మొదటిసారి ఆవిడతో మా ఇంట్లో పెట్టుకున్నాం. నేనే పట్టుబట్టి పెట్టించుకున్నాను. పొద్దున్నుంచి పనే. గారెలకు పప్పు రుబ్బాను. పక్క వరుస నుంచి కుర్చీలు తెచ్చాను. వరండా గచ్చు బ్రష్షుతో రుద్దాను. బొగ్గు ధూళి పడే ఊర్లో ఎంత కడిగినా మళ్లీ నల్లబడుతుంది, అందుకే చివర్లో మళ్లీ ఒకసారి కడిగి, ఎవరూ తొక్కకుండా కాపలా కాశాను.

ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు. కనికరం గురించే అయి ఉంటుందని ఒక్కోసారి అనుకుంటాను, నన్ను నేను ఇంకాస్త గట్టిగా తిట్టుకోవడానికి. నిజానికి గుర్తులేదు. గారెలు బాగా వచ్చాయి. అది గుర్తుంది.

మధ్యాహ్నం వాన ఆగకుండా పడుతోంది. ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు తలల మీద గోనెసంచులు కప్పుకుని పోతున్నారు. దావీదు మా గేటు దగ్గర ఆగాడు. ఒళ్లంతా తడిసి, కాళ్లకు నల్లటి బురద. కంపెనీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దాంట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టిన చిన్న పొట్లం ఉంది. తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"అక్కా," అన్నాడు. "చప్టా మీదికెళ్లి నీళ్లు పోతున్నయట. జర తగ్గేదాంక గీ వరండాల కూసుంట."

నేను వరండా అంచున, గేటుకు దగ్గరగా నిలబడి ఉన్నాను. అతని కాళ్ల వైపు చూశాను. మొహం వైపు చూడలేదు. ముందు కాళ్ల వైపు చూశాను.

"ఇయ్యాల కాదు దావీదు. కూటం ఉన్నది. అమ్మగారొస్తున్నరు."

"ఒక మూలకు కూసుంట అక్కా. కాళ్లు కడుక్కుంట."

"చెప్పిన కదా. ఆడోళ్లు వచ్చే యాల. నువ్వు తాగున్నవో లేదో ఎవరికెరుక."

ఇది అన్నాను. ఈ నోటితోనే. అతను దెబ్బ తిన్నట్టు చూశాడు. తర్వాత రెండడుగులు ముందుకు వచ్చి, గేటు మీదుగా మొహం నా వైపు పెట్టి, నోరు తెరిచి ఊపిరి వదిలాడు. వాసన చూడమని. పెళ్లాం బిడ్డా ఉన్న మనిషి, గనిలో బొగ్గెత్తి వచ్చిన మనిషి, వానలో నిలబడి నాకు నోరు తెరిచి చూపించాడు.

వాసన రాలేదు. బొగ్గు వాసన, తడి బట్టల వాసన. అంతే. సారా వాసన రాలేదు.

"దవాఖానకు పోయి పిల్లకు మాత్రలు తెచ్చిన," అన్నాడు టోపీ చూపిస్తూ. "జెరం కాలుతున్నది. రూతు ఒక్కతే ఉన్నది."

"అయితే జల్దీ పోరాదు ఇంటికి," అన్నాను.

జల్దీ పోరాదు. వాగు పొంగుతోందని ఇప్పుడే చెప్పిన మనిషితో. ఆ మాట నేను ఎందుకన్నాను? వాగు సంగతి నా చెవిన పడలేదా? పడింది. మనసుకు ఎక్కలేదా? ఎక్కింది. కానీ నా గచ్చు ఆరుతోంది, అమ్మగారు వచ్చే టైమయింది, అతను పోతే చాలు. ఎటు పోతే ఏం.

అతను పొట్లం నెత్తి మీద పెట్టి, పైన టోపీ బోర్లించుకున్నాడు. "పోత అక్కా, దాటి పోత," అన్నాడు. కోపంగా అనలేదు. అదే నన్ను ఇన్నేళ్లు తినేసింది. ఒక్కోసారి అతని మీదే నాకు కోపం వచ్చేది. ఎందుకంత మెల్లగా అడిగావు? గేటు తన్ని లోపలికి రావలసింది. నన్ను తిట్టవలసింది. నువ్వు గట్టిగా అడిగి ఉంటే నేను ఇచ్చేదాన్నేమో కదా! చూశారా, ఎంతకు దిగజారానో. చచ్చిపోయినవాడి మెత్తదనాన్ని కూడా నేరం చేశాను.

కూటం బాగా జరిగింది. అమ్మగారు వరండా చూసి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ," అన్నారు.

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పాడు, దావీదు వాగులో కొట్టుకుపోయాడని. అవతలి ఒడ్డున గొడ్లు కాసే కోయ మనిషి ఒకడు చూశాడట. రావద్దని అరిచాడట. దావీదు చెయ్యి ఊపి, దిగాడట. నడుము లోతు దాకా వచ్చి పడిపోయాడట.

నేను అయ్యో అన్నాను. అన్నం వడ్డించాను.

శవం చాలా దిగువన, తుమ్మ కంపలో దొరికింది. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్లారు. వాళ్లకు అనుమానం రాలేదు. కంపెనీవాళ్లకూ రాలేదు. అనుమానం మాకే వచ్చింది. వద్దంటున్నా దిగాడంటే కావాలనే దిగాడని ఒకరన్నారు. నేను సస్తే గానీ అన్నాడు కదా, మనందరం విన్నాం కదా అని ఆ మొదటి పెద్ద అన్నాడు. సాయంత్రానికి అది నిజమైపోయింది. ఆత్మహత్య చేసుకున్నవాడికి సమాధుల తోటలో చోటు లేదు, పాట లేదు, గంట లేదు. అది సంఘం కట్టుబాటు.

శవాన్ని ట్రాక్టరు ట్రాలీలో తెచ్చి చర్చి ముందు ఆపారు. సన్నగా చినుకులు. పైన టార్పాలిన్ కప్పారు. రూతమ్మ ట్రాలీ చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది, ఒళ్లో పాప. పెద్దలు, అయ్యగారు, స్త్రీల సమాజం వాళ్లం లోపల బెంచీల మీద కూర్చున్నాం.

కొత్త అయ్యగారికి ఇష్టం లేదు. కుర్రవాడు, పెద్దలకు ఎదురు చెప్పలేడు, కానీ ఎక్కడో ఒక సందు దొరుకుతుందేమోనని చూస్తున్నాడు. ఆయన అడిగాడు, "ఆ రోజు దావీదుతో ఎవరైనా మాట్లాడారా? ఏ మనసుతో ఉన్నాడో ఎవరికైనా తెలుసా?"



ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి నా వైపు చూసి అడిగాడు. వాగుకు పోయే దారిలో చివరి ఇల్లు మాది కదా. "అమ్మా, మీ ఇంటి మీదుగానే పోయుంటాడు..."

ఒక్క వాక్యం చాలు. పిల్లకు మాత్రలు తీసుకుని ఇంటికి పోతున్నానని నాతో చెప్పాడు. ఇంతే. ట్రాలీ అక్కడి నుంచి సమాధుల తోటకు కదిలేది. రూతమ్మ తలెత్తుకునేది. కానీ ఆ వాక్యం చెబితే వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి నువ్వెందుకు కూర్చోబెట్టలేదమ్మా? అమ్మగారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ తిన్న గారెలు, ఆవిడ మెచ్చుకున్న గచ్చు.

నేను కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేసుకుంటున్నానని అనుకున్నారు. అయ్యగారు నన్ను కదిలించలేదు.

చర్చి వెనక, పొలిమేర రాళ్లకు అవతల, పనికిరాని గుట్ట పక్కన గుంట తవ్వారు. తవ్వింది మా సంఘంవాళ్లు కాదు. దావీదుతో పనిచేసే ఫిల్లర్లు. వాళ్లలో క్రైస్తవులు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లకు దేవుళ్లు వేరు. వాళ్లే దించారు, వాళ్లే మట్టి వేశారు. రూతమ్మ ఒక్కతే పాట ఎత్తుకుంది. మధ్యలో చరణం మర్చిపోయింది. అందుకునేవాళ్లు లేరు. మేమంతా రాళ్లకు ఇవతల నిలబడి చూస్తున్నాం. ఆ పాట నాకు కంఠతా వచ్చు. ఆదివారం పిల్లలకు నేర్పేది నేనే.

కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. దాని పేరు కారుణ్య నియామకం. నవ్వొస్తుందా మీకు? నాకు వచ్చింది, ఏడుపులాంటి నవ్వు. యంత్రాలు నడిపే కంపెనీ కాగితం మీద కారుణ్యం అని రాసి ఆమెకు అన్నం పెట్టింది. కనికరం అని పొద్దస్తమానం పాడే మేం ఆరడుగుల నేల ఇవ్వలేదు.

ఇక నా కనికరం సంగతి. ఇక్కడే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

మట్టి వేసిన రోజుకు వాగు తగ్గిపోయింది. ఆ సాయంత్రం నేను బియ్యం, పప్పు సంచిలో వేసుకుని రూతమ్మ గుడిసెకు వెళ్లాను. ఎందుకు వెళ్లాను? జాలా? భయమా? అతను నా ఇంటి దగ్గర ఆగిన సంగతి ఆమెకు తెలిసిందేమో చూడడానికా? మూడూ కావచ్చు. ఇప్పుడు విడదీసి చెప్పలేను, విడదీసి నన్ను నేను కాపాడుకోను. ఆమె నా చేతులు పట్టుకుంది. "వదినా, నువ్వొక్కదానివే వచ్చినవ్," అంది.

అక్కడి నుంచి మొదలైంది నా పేరు. సంఘమంతా వెలివేసినా ఆ తల్లి వెళ్లిందట. తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ రూతమ్మకు చీర నా చేత్తోనే. జ్వరమొస్తే జావ నా చేత్తోనే. ఆమె తల వంచుకుని తీసుకునేది. కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడు ఆమెను చూపించేవాళ్లు. ఆమె కూడా నవ్వేది, వాళ్లకు అవసరమైన నవ్వు. ఆ పని నేను ఏళ్ల తరబడి చేశాను. ఆపలేదు. ఆపితే ఎందుకు ఆపావంటారు కదా.

ఎస్తేరు పెరిగింది. నా ఆదివారపు బడికే వచ్చేది. ఒకరోజు క్లాసు అయిపోయాక వెనక ఉండిపోయింది. గౌను అంచు నలుపుతూ అడిగింది, "అత్తా, మా నాయిన నరకంల ఉన్నడా? అందరు అంటున్నరు."

నేను ఆ పిల్ల తల నిమిరాను. "దేవునికే తెలుసు బిడ్డా," అన్నాను.

నాకూ తెలుసు. దేవుడి మీదికి తోసేశాను. ఆ పిల్ల జ్వరానికి మాత్రలు తీసుకుని వాగులో దిగిన మనిషి గురించి ఆ పిల్ల అడిగితే, తల నిమిరి, దేవుడి మీదికి తోసేశాను. ఇది రాస్తుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

మా ఆయన రిటైరయ్యాక పెనుబల్లి వైపు వచ్చేశాం. దూరం పోతే తగ్గుతుందనుకున్నాను. అప్పటికే తొంభైలు. ఇక్కడి చర్చిలో స్త్రీల సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. అంశం, రోజువారీ బతుకులో కనికరం. ఒప్పుకున్నాను, సిగ్గులేకుండా. పరిచయం చేసినావిడ మణుగూరు కథ ఎక్కడో వినివచ్చింది. వాగులో పడి చచ్చిన ఒక తాగుబోతు భార్యను అందరూ వెలివేస్తే, ఈ తల్లి ఒక్కతే వెళ్లి ఆదరించిందని చెప్పింది. స్త్రీలు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు.

తాగుబోతు. ఆ ఒక్క మాటకు నాలో ఏదో తెగింది. నేను లేచి మైకు దగ్గరికి వెళ్లి, నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చేశాను. మరుసటి పొద్దున బస్సెక్కాను.

రూతమ్మకు అప్పటికి క్వార్టరు వచ్చింది. ల్యాంప్ రూములో పని, బాయి దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, తీసుకోవడం. షిఫ్టు దిగి వచ్చి మొహం కడుక్కుంటోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఎప్పటిలాగే, "వదినా, రా, కూసో," అంది. నేను కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను. గేటు, వాన, కాళ్లు, కూటం, మాత్రలు, అన్నీ. చర్చిలో కళ్లు మూసుకోవడం కూడా. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది, ఆ పాపం కూడా ఎందుకు.

ఆమె తువ్వాలు చేతిలో పట్టుకుని విన్నది. అప్పుడు అడిగింది.

"వాసనొచ్చిందా?"

"లేదు రూతమ్మా. నోరు తెరిచి చూపిచ్చిండు. రాలేదు."

ఆమె గోడకు ఆనుకుంది. "నేను గూడ నమ్మలే వదినా," అంది. "తాగే దిగిండనుకున్న. ఒట్టు తప్పిండనుకున్న. గిన్నేండ్లు ఆయనను తిట్టుకున్న. బిడ్డ ముందటనే తిట్టిన. పండుగ పండుగకు నీ చీర కట్టుకొని, ఆయనను తిట్టిన."

నేను చేసిన పని ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది. నేను అతనికి వరండా ఇవ్వలేదనుకున్నాను, సమాధుల తోట ఇవ్వలేదనుకున్నాను. అతని పెళ్లాం మనసులో కూడా అతనికి చోటు లేకుండా చేశాను.

ఎస్తేరు లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దపిల్ల అయింది, తండ్రిలాగే పొడుగు. అంతా విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఇంకేమన్నడు?" అని అడిగింది.

మళ్లీ చెప్పాను.

"గట్ల గాదు. ఆయన ఎట్లన్నడో గట్ల చెప్పు. పొల్లు పోకుండ."

చెప్పాను. అక్కా అన్నాడు. జర తగ్గేదాంక అన్నాడు. జెరం కాలుతున్నది అన్నాడు. రూతు ఒక్కతే ఉన్నది అన్నాడు. ఆ పిల్ల పెదవులు నాతో పాటు కదిలాయి. తండ్రి గొంతు ఎరగని పిల్ల. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆ గొంతు ఎలా ఉండేదంది. మెత్తగా ఉండేదన్నాను. ఇన్నేళ్లుగా నా దగ్గర ఉంచుకున్నది నా పాపం ఒక్కటే కాదని అప్పుడర్థమైంది. వాళ్ల మనిషి చివరి మాటలు నా దగ్గర ఉంచుకున్నాను. వాళ్లవి అవి.

"ఇగ పో వదినా," అంది రూతమ్మ. "ఆదివారం చర్చిల జెప్పు. నాకు జెప్తే ఏంది. అక్కడ జెప్పు."

ఆదివారం చెప్పాను. అప్పటి అయ్యగారు మారి ఇంకో అయ్యగారు వచ్చారు. మొదటి పెద్ద ఇంకా ఉన్నాడు, ముసలివాడైపోయాడు. రూతమ్మ, ఎస్తేరు చివరి వరుసలో ఉన్నారు. నేను ముందుకు వెళ్లి చెప్పాను. దావీదు ఆత్మహత్య చేసుకోలేదు, తాగి లేడు, నేను గెంటేస్తే పోయాడు, నాకు తెలిసి నోరు మూసుకున్నాను అని.

ఒక్క క్షణం నాకు ఊపిరి ఆడింది. తర్వాత అయ్యగారు మైకు తీసుకున్నాడు. ఎంత దీనమనసు చూడండి అన్నాడు. ఇలాంటి సాక్ష్యం వినడం మన భాగ్యం అన్నాడు. స్తోత్రం అన్నారు. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు! నాకు!

నేను అరిచాను. చర్చిలో, మైకు లేకుండా. "సప్పట్లు నాకెందుకు కొడుతున్నరు? దావీదు సంగతి జెప్పుండ్రి! ఆయన పేరు మీద పడ్డ మచ్చ తీసేస్తమని జెప్పుండ్రి!"

ముసలి పెద్ద లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "అయిపోయినదానికి ఇప్పుడెందుకమ్మా. ఎప్పటి ముచ్చట. నువ్వు మనసుల పెట్టుకోకు, దేవుడు క్షమించిండు."

ఎవరు చెప్పారు ఆయనకు? దేవుడు ఆయన చెవిలో చెప్పాడా? ఆ రోజు ఆత్మహత్య అని చెప్పింది కూడా ఇదే నోరు. నేను చెయ్యి విదిలించుకున్నాను. ప్రార్థనతో ముగిద్దామన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అందుకే చూశాను, రూతమ్మ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోవడం. చర్చి వెనక్కి, రాళ్లకు అవతలికి వెళ్లారు. నేను వాళ్ల వెంట వెళ్లలేదు. నాకు అక్కడ పనిలేదు.

రూతమ్మ నన్ను క్షమించానని అనలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. క్రిస్మస్‌కు చీర పంపలేదు నేను. పంపితే ముఖాన కొడుతుందని కాదు. ఆ చీరలు ఎవరి కోసం కొన్నానో నాకిప్పుడు తెలుసు కాబట్టి.

నా కోపం తగ్గలేదు. తగ్గాలని అడగడం లేదు. కనికరం గురించి ఎవరైనా మెత్తగా మాట్లాడితే లేచి వచ్చేస్తున్నాను. అది మాటల్లో ఉండేది కాదు. తడిసిన మనిషి గేటు దగ్గర ఆగినప్పుడు గచ్చు పాడవుతుందని తెలిసి కూడా రమ్మనడం. అంతకంటే పెద్దది నాకు తెలియదు. ఆ చిన్నది నేను చెయ్యలేదు.

మా ఆయనకు నిన్న చెప్పాను. ఆయన లేచి వెళ్లి బయట కూర్చున్నాడు.

చర్చిలో చెప్పింది చప్పట్లలో కలిసిపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీరు చప్పట్లు కొట్టినా నాకు వినబడదు. మీరు నన్ను ఏమైనా అనుకోండి. అతని గురించి మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. దావీదు చావడానికి దిగలేదు. తాగి దిగలేదు. బిడ్డకు జ్వరం. ఇంటికి పోతున్నాడు.